అమెరికా పార్కు పాసు కొనే ముందు: తిరుపతి అమ్మానాన్నలకు ఒక రిటైర్డ్ కండక్టర్ బహిరంగ లేఖ

ఈ వేసవికి పిల్లల దగ్గరికి అమెరికా ప్రయాణం కట్టిన తిరుపతి, చిత్తూరు వైపు అమ్మలకు, నాన్నలకు, పనిలో పనిగా అక్కడ కార్లు తోలే మీ పిల్లలకు,

నమస్కారం.

నేను ఆర్టీసీలో కండక్టరుగా ముప్పై రెండేళ్ళు చేసి రిటైరైన మనిషిని. అందులో సగం సర్వీసు తిరుమల ఘాట్ బస్సుల్లోనే గడిచింది. టికెట్టు, పాసు, హాఫ్ టికెట్టు, అప్ అండ్ డౌన్, లగేజీ. ఇవి తప్ప నాకు వేరే విద్య రాదు. ఆ విద్య అమెరికాలో అక్కరకొస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండ్‌లో నడిచే మా బ్యాచ్‌లో ఏడుగురి పిల్లలు అమెరికాలో ఉన్నారు. సంక్రాంతి పోయిన దగ్గర్నుంచీ ఒకటే ప్రశ్న. "సామీ, నువ్వు పోయొచ్చినావు కదా, ఆ నేషనల్ పార్కు పాసు కొనాలంటున్నాడు మావాడు. కొనమంటావా, వద్దంటావా?" ఒక్కొక్కరికీ ఒక రౌండు నడిచేంతసేపు చెప్పినా సగమే అయ్యేది. మరుసటి రోజు ఆ సగం కూడా తలకిందులై ఇంకొకరి నోట వినపడేది. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా మా బ్యాచ్‌లోనే జరిగిన ముచ్చట. ఒక పెద్దాయన, రిటైర్డ్ మేష్టారు, కొడుకుతో కలిసి లాస్ వేగస్ వెళ్ళాడు. అక్కడి నుంచి గ్రాండ్ కాన్యన్ దగ్గరే కదా అని కొడుకు ముందే ఆన్‌లైన్‌లో 80 డాలర్లు పెట్టి, దేశమంతా నేషనల్ పార్కుల గేట్లలో చెల్లే కేంద్ర ప్రభుత్వం ఏడాది పాసు కొన్నాడు. తీరా వాళ్ళు వెళ్ళింది గాజు వంతెన ఉండే గ్రాండ్ కాన్యన్ వెస్ట్‌కి. అది నేషనల్ పార్కు కాదు. హువాలపై అనే ఆదివాసీ తెగ వాళ్ళ సొంత భూమి. 2007లో ఆ గాజు వంతెన తెరిచిందీ వాళ్ళ నేల మీదే. వాళ్ళ టికెట్టు వాళ్ళది, కేంద్ర ప్రభుత్వం పాసు అక్కడ చెల్లదు. మేష్టారు మళ్ళీ అందరికీ టికెట్లు కొని లోపలికి వెళ్ళాడు. ఆ ట్రిప్పులో ఇంకే పార్కూ లేదు. పాసు కవరు కూడా విప్పకుండా ఇంటికొచ్చింది. తప్పు ఎవరిదీ కాదు. శ్రీకాళహస్తికి పోవాల్సినవాడు తిరుమల టికెట్టు కొట్టించుకున్నట్టు అయింది, అంతే.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే మాట. ముందు రూటు గీయండి. ఆ రూటులో డబ్బులు అడిగే గేట్లు ఎన్నో వేలు మడిచి లెక్కపెట్టండి. పాసు సంగతి ఆ తర్వాత.

ఈ లెక్క వేయకుండానే మనవాళ్ళు సగం మంది పాసు కొంటున్నారు. మన అమ్మానాన్నలకు చూపించే మామూలు వరస ఏమిటి? న్యూయార్క్, నయాగరా, వాషింగ్టన్. ఈ మూడింటికీ ఈ పాసుతో పని లేదు. నయాగరా న్యూయార్క్ రాష్ట్రం వాళ్ళ స్టేట్ పార్కు, 1885 నాటిది. రాష్ట్రం వాళ్ళ పార్కుల్లో కేంద్రం పాసు నడవదు. కర్ణాటక బస్సులో మన బస్‌పాసు చూపిస్తే ఏమంటారో అదే. లిబర్టీ విగ్రహం నేషనల్ పార్కు సర్వీసు అనే కేంద్ర సంస్థ కిందే ఉన్నా దానికి ఎంట్రీ ఫీజు లేదు, కొనాల్సింది పడవ టికెట్టు. ఆ పడవకు పాసు పనికిరాదు. వాషింగ్టన్‌లో లింకన్ మెమోరియల్, ఆ చుట్టుపక్కలవన్నీ ఉచితం. అసలు పార్కు సర్వీసు కింద నాలుగు వందలకు పైగా చోట్లు ఉంటే, వాటిలో ఎక్కువ వాటికి ఎంట్రీ ఫీజే లేదు. అట్లాంటా, షార్లెట్ వైపు పిల్లలున్నవాళ్ళు గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌కి వెళ్తారు. అక్కడా ఎంట్రీ ఉచితమే. కాకపోతే 2023 మార్చి నుంచి, పావుగంట కంటే ఎక్కువసేపు కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ కొనాలి. రోజుకు 5 డాలర్లు. దానికి కూడా ఈ పాసు చెల్లదు. ఈ చోట్లు మాత్రమే చూసి వచ్చేసేవాళ్ళు ఇంతటితో ఈ ఉత్తరం మడిచి పక్కన పెట్టేయొచ్చు.

మిగతాది పడమటి వైపు కారులో తిరిగేవాళ్ళకు.

2024 మే నెలలో మేం వెళ్ళింది అటే. మావాడు ఉండేది ఫీనిక్స్ పక్కన. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (లోయకు దక్షిణపు అంచు), అక్కడి నుంచి పేజ్ అనే ఊరు, తర్వాత జయాన్, బ్రైస్ కాన్యన్. ఏడుగురు పట్టే బండిలో మేం ఆరుగురం: అబ్బాయి, కోడలు, ఐదేళ్ళ మనవరాలు, మా ఇద్దరం, మా వియ్యపురాలు. వెనకాల ఇంకో కారులో అబ్బాయి స్నేహితుడు, మదనపల్లె పిల్లవాడు, వాళ్ళ అమ్మానాన్నలు.

గ్రాండ్ కాన్యన్ గేటు దగ్గర క్యూ. మా ఆవిడ పులిహోర డబ్బా మూత బిగించి కాళ్ళ దగ్గర దాచింది. అలిపిరిలో లాగా అందరం దిగాలి, సంచులు స్కానింగులో పెట్టాలి అని ఆమె ధైర్యం. అలాంటిదేమీ లేదు. చిన్న గూడులాంటి గదిలో వెడల్పు అంచు టోపీ పెట్టుకున్న ఆడమనిషి కూర్చుని ఉంది. అబ్బాయి పాసు కావాలన్నాడు, కార్డు గీకాడు. 80 డాలర్లు. నేను మనసులో గుణించేశాను, అప్పట్లో డాలరు 83 రూపాయలు, అంటే ఆరువేల ఆరు వందల పైచిలుకు. నోరు తెరిచే లోపే కోడలు అద్దంలో నుంచి నా వైపు చూసింది. ఊరుకున్నాను.

ఆ మనిషి ఏటీఎం కార్డు సైజులో ఉన్న కొత్త పాసు ఒకటి తీసింది. దాని అంచుల వెంబడి నెలల పేర్లు వరసగా అచ్చేసి ఉన్నాయి. చేతిలో పంచింగ్ ప్లయర్ లాంటిది తీసుకుని టక్, టక్ అని చిల్లులు కొట్టింది. నెలకొకటి, సంవత్సరానికొకటి. టికెట్లు అచ్చేసే టిమ్ మెషిన్లు రాకముందు నేను ఎన్నేళ్ళు కొట్టానో ఆ చిల్లులు! అమెరికాలో అడుగుపెట్టిన నెల తర్వాత నాకు తెలిసిన శబ్దం మొదటిసారి వినపడింది. మేం కొన్నది మే నెల మధ్యలో. చిల్లు పడింది మాత్రం మరుసటి ఏడాది మేకి. అంటే ఆ నెల ఆఖరు దాకా చెల్లుతుంది. మన నెలవారీ పాసులాగా తేదీకి తేదీ కాదు.

వెనక సంతకాలకు రెండు గీతలు ఉన్నాయి. ఒకటి అబ్బాయి చేశాడు, ఒకటి కోడలు. సంతకం చేసినవాళ్ళలో ఒకరు బండిలో ఉండాలి, ఫొటో ఐడీ చూపించాలి. ఆమె లైసెన్సు చూసింది, మ్యాపు ఇచ్చింది, చెయ్యి ఊపింది.

ఇక్కడే నాకు ఊపిరి ఆగినంత పనైంది. ఆమె తలలు లెక్కపెట్టలేదు!

కండక్టరు పని చేసినవాడికి మాత్రమే ఈ బాధ అర్థమవుతుంది. బస్సులో ఎన్ని తలలు, ఎన్ని టికెట్లు అని లెక్క చూసుకుంటూ బతికినవాణ్ణి. ఒక్క తల తేడా వస్తే చెకింగ్ వాళ్ళ ముందు మెమో తీసుకోవాలి. ఇక్కడ ఆరుగురు కూర్చున్నారు, మనిషి తొంగి కూడా చూడలేదు. "నాయనా, మనందరికీ తీసుకున్నావా?" అని అడిగాను. "నాన్నా, అది మనుషులకు కాదు, బండికి" అన్నాడు.

అంతా అందులోనే ఉంది. సొంత బండిలో వెళ్తే, బండికి లెక్కకట్టే పార్కుల్లో ఆ పాసు బండి మొత్తానికి చెల్లుతుంది. తలకింత అని వసూలు చేసే చోట పాసున్న మనిషితో పాటు ఇంకో ముగ్గురు పెద్దవాళ్ళు వెళ్ళొచ్చు. 16 ఏళ్ళ లోపు పిల్లలకు ఎక్కడా ఎంట్రీ ఫీజు లేదు. మనకు ఐదేళ్ళు దాటితే హాఫ్ టికెట్టు, వాళ్ళకు పదహారు నిండేదాకా ఫ్రీ. పాసు వద్దనుకుంటే బండికి 35 డాలర్లు కట్టాలి. గ్రాండ్ కాన్యన్, జయాన్, బ్రైస్, యెల్లోస్టోన్, యోసెమిటీ అన్నిటికీ అప్పుడు అదే రేటు. ఆ రసీదు ఏడు రోజులు చెల్లుతుంది, ఎన్నిసార్లయినా లోపలికీ బయటికీ తిరగొచ్చు. అంటే ఒకటి రెండు పార్కులకు పాసు దండగ. మూడో గేటు దగ్గర పాసు గెలుస్తుంది. ఒక్క గ్రాండ్ కాన్యన్‌కే ఏడాది పాసు కూడా ఉంది, 70 డాలర్లు. దేశమంతా చెల్లే పాసు 80కి వస్తుంటే 70 పెట్టి ఒక్క పార్కు పాసు ఎవరు కొంటారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ పార్కు పక్క ఊళ్ళో ఉండేవాళ్ళేమో.

మా వెనక కారు సంగతి వినండి. మదనపల్లె పిల్లవాడు మా పాసు చూపిస్తే తన కారుకు కూడా సరిపోతుందనుకున్నాడు. "అందరం ఒకటే ఫ్యామిలీ అని చెబుదాం అంకుల్" అన్నాడు. చెల్లలేదు. ఒక పాసు, ఒక బండి. అతను గ్రాండ్ కాన్యన్‌లో 35 కట్టాడు. సరే, అక్కడితో పోయిందనుకున్నాడు. జయాన్‌లో మళ్ళీ 35. బ్రైస్ గేటులో ఇంకో 35. మొత్తం 105. మొదటి గేటులోనే పాసు కొని ఉంటే 80తో అయిపోయేది. బ్రైస్ దగ్గర టీ తాగుతూ మ్యాపు వెనక నేనే ఈ లెక్క వేసి చూపించాను. పాపం, చూపించకుండా ఉండాల్సింది.

ఇప్పుడు అసలు సంగతి. పైన చెప్పిన లెక్క 2024ది. 2026 జనవరి 1 నుంచి లెక్క మారింది. అంతకు ముందు వెళ్ళొచ్చినవాళ్ళ మాటలు విని బయలుదేరొద్దు.

80 డాలర్ల పాసు ఇప్పుడు అమెరికాలో నివాసం ఉన్నవాళ్ళకే. అక్కడి ప్రభుత్వమో, అక్కడి రాష్ట్రమో ఇచ్చిన ఫొటో ఐడీ చూపించాలి. బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళకు ఏడాది పాసు 250 డాలర్లు. ఆ పాసు లేకుండా వెళ్తే, జనం ఎక్కువగా వచ్చే పదకొండు పార్కుల్లో పదహారేళ్ళు నిండిన ప్రతి విదేశీ మనిషికీ మామూలు ఎంట్రీ మీద ఇంకో 100 డాలర్లు. ఆ పదకొండు ఇవి: గ్రాండ్ కాన్యన్, జయాన్, బ్రైస్ కాన్యన్, యోసెమిటీ, సెక్వోయా–కింగ్స్ కాన్యన్, యెల్లోస్టోన్, గ్రాండ్ టీటాన్, గ్లేసియర్, రాకీ మౌంటెన్, అకేడియా, ఎవర్‌గ్లేడ్స్. చూశారు కదా, మన పిల్లలు మనల్ని తిప్పే పార్కులన్నీ ఇందులోనే ఉన్నాయి. బండికి అన్న లెక్కలోకి మళ్ళీ తల వచ్చి కూర్చుంది.

విజిటర్ వీసా మీద వెళ్ళే మనం పాస్‌పోర్టు ప్రకారం విదేశీయులమే. ఒక్క మనిషే ఆ పదకొండులో మూడు పార్కులు చూస్తే, తల మీద పడే రుసుమే 300. అప్పుడు 250 పాసు నయం. ఒకే ఒక్క పార్కు చూసే ఒంటరి మనిషికి ఆ పాసు అక్కర్లేదు. అదే దారిలో, ఆ పదకొండులో లేని పార్కులు కూడా ఉన్నాయి. ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్, డెత్ వ్యాలీ, జాషువా ట్రీ. వాటికి ఈ వంద లేదు. రూటు గీసేటప్పుడు మీ పిల్లలతో ఈ మాట చెప్పండి, రూటే మారిపోవచ్చు.

కారులో కొడుకు అక్కడి నివాసి, మనం ఇద్దరం విజిటర్లం అయితే ఎవరి తల మీద ఏది పడుతుందో ఆ పార్కు ఫీజుల పేజీ తెరిచి, మీ అబ్బాయి చేత ఇంట్లో కూర్చునే చదివించుకోండి. గేటు దగ్గర, వెనక ముప్పై కార్లు ఆగి ఉండగా చేసే చర్చ కాదది. ఇంకొకటి, 2026లో ప్రకటించిన ఫ్రీ రోజులు కూడా అక్కడి నివాసులకే. "జులై నాలుగున ఫ్రీ అంట" అని పక్కింటివాళ్ళు చెబితే అది మీకు కాదు.

సీనియర్ పాసు చూసి కూడా తొందరపడకండి. ఆర్టీసీలో అరవై దాటితే పావు వంతు తగ్గింపు ఇస్తాం కాబట్టి ఎక్కడ సీనియర్ అని కనిపించినా మనకు చెయ్యి దురద పెడుతుంది. 62 నిండినవాళ్ళకు ఏడాదికి 20 డాలర్లు, లేదంటే 80 కడితే జీవితాంతం. వినడానికి ఎంత బాగుంది! కానీ అది అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు మాత్రమే. మా వియ్యపురాలికి గ్రీన్ కార్డు ఉంది, వయసు 64. ఆమె పేరు మీద తీసుకుని ఉంటే ఆ 80తోనే ఆమె జన్మంతా గడిచిపోయేది, ఆమె ఉన్న బండికంతా చెల్లేది. ఈ సంగతి మాకు ఇంటికొచ్చాక తెలిసింది. ఆమె ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా ఎత్తిపొడుస్తుంది.

మనవడో మనవరాలో అక్కడ నాలుగో తరగతి చదువుతుంటే ఇంకా అదృష్టం. నాలుగో తరగతి పిల్లలకు ఆ స్కూలు ఏడాదంతా, ఆగస్టు ఆఖరు దాకా పాసు ఉచితం. పిల్లవాడు బండిలో ఉంటే వాళ్ళ ఇంటివాళ్ళకూ చెల్లుతుంది. మా నడక బ్యాచ్‌లో ఒకాయన మనవరాలు సరిగ్గా నాలుగో తరగతిలో ఉండగానే యెల్లోస్టోన్ వెళ్ళారు, ఎంచక్కా డబ్బులు కట్టి. మూడో తరగతిలోనూ లేదు, ఐదులోనూ లేదు. పిల్ల నాలుగులో ఉన్న ఏడాదే ప్రయాణం పెట్టుకోండని నేను అందరికీ చెబుతున్నాను. మీ వీసా అపాయింట్‌మెంటు దానికి కుదిరితే.

పాసు ఉంటే చాలు, ఇక లోపలికి పోవడమే అనుకోవద్దు. ఈ ముక్క వేరే ఊరివాళ్ళకు చెప్పాలంటే కష్టం గానీ తిరుపతి వాళ్ళకు ఒక్క నిమిషం పట్టదు. మూడు వందల దర్శనం టికెట్టు చేతిలో ఉంది. కొండ మీద రూము వచ్చినట్టా? రాలేదు కదా. రూము కోటా వేరు, దాని తేదీ వేరు. టికెట్టు మీద స్లాట్ లేకపోతే దర్శనం కూడా లేదు. అక్కడా అంతే. పాసు అంటే ఎంట్రీ రుసుము ముందే కట్టేసినట్టు, అంతవరకే. జనం మరీ ఎక్కువగా వచ్చే కొన్ని పార్కులు వేసవిలో టైమ్ స్లాట్ బుక్ చేసుకోమంటాయి. రాకీ మౌంటెన్ అడుగుతుంది. 2024లో యోసెమిటీ కూడా రద్దీ గంటలకు అడిగింది. ఇది ఏడాది ఏడాదికీ మారుతుంది, మన టోకెన్ల పద్ధతి మారినట్టే. శ్రీనివాసంలో ఇస్తారో, భూదేవి కాంప్లెక్స్‌లో ఇస్తారో ఆ రోజు పేపరు చూసుకునే మనకు ఇదేమీ కొత్త కాదు. టెంటు వేసుకునే చోటుకీ, లోపల హోటలుకీ, జయాన్‌లో ఏంజెల్స్ ల్యాండింగ్ అనే ఆ నిట్టనిలువు కొండ ఎక్కడానికీ వేరే పర్మిట్లు. ఆ కొండకైతే 2022 నుంచి లాటరీ. మావాడికి లాటరీ తగల్లేదు. వాళ్ళమ్మ మనసులోనే వెంకన్నకు దండం పెట్టుకుంది.

అలాగే నేల ఎవరిదో చూసుకోవాలి. పేజ్ దగ్గర గుర్రపు నాడాలాగా నది మలుపు తిరిగే హార్స్‌షూ బెండ్ ఉంది. అక్కడ పార్కింగ్ ఆ ఊరి మునిసిపాలిటీది, పది డాలర్లు కట్టాం. పాసు చూపించబోతే ఆ పిల్లవాడు నవ్వి తల అడ్డంగా ఊపాడు. ఎర్రటి గోడల మధ్య వెలుగు జారే ఆంటిలోప్ కాన్యన్ నవాహో తెగ వాళ్ళది. గైడుతో తప్ప వెళ్ళనివ్వరు, మనిషికింత అని వాళ్ళే తీసుకుంటారు. మాన్యుమెంట్ వ్యాలీ కూడా వాళ్ళదే. ట్రిప్పు ఖర్చు రాసుకునేటప్పుడు పాసు ఒక గీత, ఇవన్నీ ఇంకో గీత.

కొనడం ఎక్కడ? గేటు దగ్గర కొనొచ్చు, ప్రభుత్వ వెబ్‌సైటులో కొనొచ్చు. ఇప్పుడు ఫోన్‌లో పెట్టుకునే డిజిటల్ పాసు కూడా ఇస్తున్నారు. వెబ్‌సైటు పేరు చివర డాట్ గవ్ ఉందో లేదో చూడండి. దర్శనం టికెట్ల పేరుతో దొంగ సైట్లు ఎన్ని పుట్టాయో మన ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుసు. ఫోన్ పాసు అయితే ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి, ఆ కొండల్లో సిగ్నల్ ఉండదు. డబ్బులు కార్డుతో కట్టడానికి సిద్ధంగా ఉండండి, కొన్ని గేట్లలో నగదు తీసుకోవడం మానేశారు. ప్లాస్టిక్ పాసు పోగొట్టుకుంటే మళ్ళీ ఇవ్వరు, కొత్తది కొనాల్సిందే.

నన్నడిగితే గేటు దగ్గరే కొనమంటాను. కారణం ఉంది. 2004లో చేసిన చట్టం ప్రకారం, ఏ చోట వసూలైన ఫీజులో కనీసం 80 శాతం ఆ చోటికే ఖర్చు పెట్టాలి. మరుగుదొడ్లు, దారులు, కంచెలు అన్నీ అందులోంచే. ఈ మాట అక్కడ బోర్డు మీద చూసి నేను చాలాసేపు నిలబడిపోయాను. ముప్పై రెండేళ్ళు రోజూ రాత్రి కలెక్షన్ కట్టి ఇంటికి పోయినవాణ్ణి. నేను కట్టిన డబ్బు మా బస్టాండు కుళాయికి వచ్చిందో, ఇంకెక్కడికి పోయిందో ఒక్కరోజు కూడా నాకు తెలియదు. ఆ గేటులో మేం కట్టిన 80 డాలర్లలో కొంతైనా నేను తాగిన ఆ చల్లటి నీళ్ళ కుళాయికి పోతుందంటే ఆరువేల ఆరు వందల బాధ కొంచెం తగ్గింది.

పార్కు లోపల రేంజర్లు, అంటే అక్కడి సిబ్బంది, చెప్పే ముచ్చట్లకు వేరే టికెట్టు లేదు. మనవాళ్ళు ఫొటోల హడావిడిలో వాటిని వదిలేస్తారు. గ్రాండ్ కాన్యన్‌లో మేం అనుకోకుండా ఒకదాని దగ్గర కూర్చున్నాం, కాళ్ళు నొప్పి పుట్టి. ఆ రేంజరు లోయ అవతలి గోడలో ఒక గీత చూపించాడు. కింద పాత రాయి, పైన కొత్త రాయి, మధ్యలో కొన్నిచోట్ల వంద కోట్ల ఏళ్ళకు పైగా చరిత్ర మాయమైందట, ఆ రాళ్ళు అరిగిపోయాయట. అబ్బాయి తెలుగులో చెబుతుంటే నాకు ఎక్కడో విన్నట్టు అనిపించింది. విన్నది మన ఘాట్ రోడ్డులోనే! అక్కడ అలాంటి గీతే ఉంది. కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు, మధ్యలో కోట్ల ఏళ్ళ ఖాళీ. జియలాజికల్ సర్వే వాళ్ళు దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించి బోర్డు కూడా పెట్టారు. ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అని. ఆ బోర్డు పక్కనుంచి నేను రోజుకు ఎన్ని ట్రిప్పులు వేశానో! వాంతి వస్తోందన్న వాళ్ళకు కవరు అందిస్తూ, చిల్లర లెక్కపెడుతూ ఒక్కసారైనా తల తిప్పి చూడలేదు. వచ్చిన తర్వాత మా ఆవిడను తీసుకెళ్ళి చూపించాను. "దీనికోసం అంత దూరం పోయొచ్చామా?" అంది. ఇదే మనిషి యూటా రాష్ట్రంలో రాతి తోరణాల బొమ్మలు చూసి "మన శిలాతోరణం లాగే ఉందే" అని ఫోన్‌లో చెల్లెలికి చెప్పింది. ఆర్చెస్ పార్కులో అలాంటివి రెండు వేలకు పైగా ఉన్నాయని నేను ఆమెకు ఇంకా చెప్పలేదు.

ఇక పిల్లలకు ఒక మాట. నాయనా, అమ్మా, మీరు మాకు ఖర్చు తెలియకూడదని దాస్తారు. రేటు అడిగితే "అదంతా మీకెందుకు" అంటారు. మేం డాలర్లను రూపాయల్లోకి గుణిస్తామన్న భయం మీది, నిజమే, గుణిస్తాం. అయినా చెప్పండి. ముందు రోజు రాత్రి టేబుల్ మీద రూటు కాగితం పరిచి, ఇక్కడ గేటు, ఇక్కడ ఇంత అని మీ నాన్న ముందు పెట్టండి. జీవితమంతా లెక్కలు చూసినవాళ్ళు, ఇరవై ఐదు డాలర్లు ఎక్కడ జారిపోతున్నాయో మీకంటే ముందు పట్టేస్తారు. ఇంకొకటి, పాసు మీ పేరు మీద ఉంటే ఆ రోజు ఆఫీసు కాల్ ఉందని మీరు హోటల్లో ఆగిపోయి మమ్మల్ని స్నేహితుడి కారులో పంపిస్తే కుదరదు. పాసున్న మనిషి, ఐడీతో, బండిలో ఉండాలి.

ఆ రోజు గేటులో ఇచ్చిన గ్రాండ్ కాన్యన్ మ్యాపు నా దగ్గర ఉంది. వెనకాల మదనపల్లె పిల్లవాడి 105 లెక్క కూడా ఉంది. రూటు గీసుకోవడానికి కావాల్సినవాళ్ళు పొద్దున ఆరున్నరకు యూనివర్సిటీ గ్రౌండ్‌లో, ఉత్తరం గేటు దగ్గర వేపచెట్టు కింద అడగండి, ఇస్తాను. మడతల దగ్గర చిరిగింది, జాగ్రత్తగా విప్పండి. పని అయ్యాక తిరిగి ఇచ్చేయండి.

ఇట్లు,
మీ ఘాట్ బస్సు కండక్టరు (రిటైర్డ్), తిరుపతి